పెద్దమ్మతో నాలుగు మాటలు: పండగ పళ్ళెం ఎవరింటికి?

డిసెంబరు వచ్చిందంటే నాకొచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. మిగతా పదకొండు నెలలూ అత్తాకోడళ్ళ గొడవలు, పిల్లల చదువులు, ఉద్యోగాల టెన్షన్లు. ఈ నెలలో మాత్రం ఎవరికి ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎవర్ని పిలవాలి, పిలవకపోతే ఏమనుకుంటారు, అన్నీ ఇవే. (అత్తాకోడళ్ళు ఇందులోనూ ఉన్నార్లెండి, మొదటి ఉత్తరమే వాళ్ళది.) మా వీధిలో అప్పుడే మూడిళ్ళ మీద నక్షత్రాలు వెలిగాయి. ఒకటి మాత్రమే ఇంట్లో వెదురు బద్దలు కట్టి రంగు కాగితం అంటించింది, మిగతా రెండూ కొన్నవి. క్యారల్స్ వాళ్ళు రాత్రి పదకొండున్నరకి వచ్చి డోలక్ వాయించి, మా కుక్కని లేపి, టీ తాగి వెళ్ళారు. ఆ నిద్రమత్తులోనే ఈ జవాబులు రాస్తున్నాను. ఎప్పటిలాగే రాసినవాళ్ళ పేర్లు వేయడం లేదు.

పెద్దమ్మ గారూ, మాది గజపతినగరం దగ్గర పల్లె. నేను కాపురానికి వచ్చి పన్నెండేళ్ళు. మా అత్తగారు ప్రతి క్రిస్మస్‌కీ ఇరవయ్యో తారీకు నుంచే పొయ్యి దగ్గర కూర్చుని అరిసెలు, జంతికలు, గవ్వలు వండేవారు. పండగరోజు ఆరాధన అవగానే వీధిలో ప్రతి ఇంటికీ పళ్ళెం వెళ్ళేది, మావాళ్ళు కానివాళ్ళకి కూడా. ఆ తర్వాత ఎవరూ లేని ముసలివాళ్ళు ఓ పది మంది మా ఇంట్లోనే కూర్చుని భోజనం చేసేవారు. ఇప్పుడు ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేరు. మా ఆయన ఏమంటారంటే, ఈసారి బేకరీలో యాభై కేకు ప్యాకెట్లు ఆర్డరిచ్చి చర్చి గేటు దగ్గర పంచేద్దాం, ఫోటోలు తీసి గ్రూపులో పెడదాం, పని తేలిక, పేరు కూడా వస్తుంది అని. ఆ మాట విన్న దగ్గర్నుంచి అత్తగారు మూడు రోజులుగా మాట్లాడటం లేదు. నేను ఎవరి పక్షం ఉండాలి?
ఒక కోడలు, విజయనగరం జిల్లా

తల్లీ, మీ అత్తగారి పక్షం ఉండు. మీ ఆయన ఈ పత్రిక చదివితే నా మీద కోపం తెచ్చుకోనీ, ఫర్వాలేదు.

కానీ ఆయన మాటలో కొంత నిజం ఉంది, అది కూడా చెప్పాలి కదా. మీ ఇంట్లో జరిగేవి రెండు వేరువేరు పనులు, మీరు రెండింటినీ ఒకే మూటగా కట్టేసి తల పట్టుకుంటున్నారు. వీధిలోకి వెళ్ళే పళ్ళెం ఇరుగుపొరుగు మర్యాద. అందులో అరిసె బదులు కేకు ముక్క వెళ్ళినా, నాలుగు రకాల బదులు రెండే ఉన్నా ఎవరూ నొచ్చుకోరు, వాళ్ళిళ్ళల్లో కూడా ఇప్పుడు ఎవరికీ ఓపికలు లేవు. దాన్ని ఎంత తగ్గించుకుంటారో మీ ఇష్టం. ఇంట్లో కూర్చుని తినే ఆ పది మంది సంగతి అలా కాదు. అది తగ్గిస్తే మీ ఇంట్లో పండగే తగ్గిపోయినట్టు, మీ అత్తగారి అలకంతా దాని గురించే అయ్యుంటుందని నా అనుమానం.

ఒక సంగతి చెప్తాను. నాకు పదేళ్ళప్పుడు మేం విజయనగరం కంటోన్మెంటులో ఉండేవాళ్ళం. మా వీధిలో తోటకూర, గోంగూర గంపలో పెట్టుకుని అమ్మే ముసలమ్మ ఒకావిడ ఉండేది, ఎవరూ లేరు. ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంట్లోనే తినేది. ఒక ఏడాది మా నాన్నకి జ్వరం, ఇంట్లో పండగ కళే లేదు, మా అమ్మ అన్నం, కూర, రెండు అరిసెలు ఆకులో పొట్లం కట్టి, బుడితి ఊళ్ళో చేసిన మా ఇత్తడి గిన్నెలో పులుసు పోసి నా చేత పంపింది. నేను ఇచ్చేసి పరిగెత్తుకుంటూ వచ్చేశాను. పది నిమిషాలకి ఆ ముసలమ్మ పొట్లం, గిన్నె రెండూ చేతుల్లో పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "నానొక్కదాన్నీ కూకుని తినడానికైతే మా ఇంట్ల గంజి నేదేటమ్మా?" అంది. అంతే, మా అమ్మ గబగబా పీట వేసింది. నాన్న మంచం మీద నుంచి కబుర్లు చెప్తుంటే ఆవిడ అదే పొట్లం విప్పుకుని అదే అన్నం మా వంటింటి గుమ్మం పక్కన కూర్చుని తిని, అమ్మ చేత మజ్జిగ పోయించుకుని, తాపీగా వెళ్ళింది. యాభై ఏళ్ళు దాటింది, పులుసు ఏ కూరగాయలదో గుర్తు లేదు గానీ ఆ "కూకుని" అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

గేటు దగ్గర ప్యాకెట్ అంటే లైన్లో నిలబడాలి, చెయ్యి చాచాలి, ఇచ్చినవాడి వైపు చూసి నవ్వాలి, వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలి. మీరు బైబిలు చదివేవాళ్ళే కదా, లూకా పద్నాలుగో అధ్యాయం తీసి మీ ఆయనకి చూపించు. విందు చేసేటప్పుడు స్నేహితుల్నీ ధనవంతులైన పొరుగువాళ్ళనీ కాదు, బీదల్నీ కుంటివాళ్ళనీ గుడ్డివాళ్ళనీ పిలవమని ఉంది. పిలవమనే ఉంది చూడు, పంపించమని కాదు.

ఇక ఫోటోల సంగతి. ఆ పది మందిలో ఒకావిడకి మనవడు ఉంటాడు, మీ ఊరి హైస్కూల్లోనే చదువుతుంటాడు. ఆ గ్రూపు ఫోటో తిరిగి తిరిగి వాడి క్లాసు పిల్లల ఫోన్లలో పడుతుంది. మీ నాన్నమ్మ కేకు కోసం లైన్లో ఉందిరా అని ఒక్కడు అన్నాడంటే చాలు, వచ్చే ఏడాది ఆవిడ రాదు, ఎందుకు రాలేదో మీకు తెలియను కూడా తెలియదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మత్తయి సువార్తలో ఉన్నదే, ఆ రోజుల్లో ఫోన్లు లేకపోయినా.

మరి పని ఎవరు చేయాలి? మొత్తం నీ నెత్తిన పడితే నువ్వూ రెండేళ్ళలో మోకాళ్ళు పట్టుకుంటావు. పది మంది భోజనానికి రెండు కిలోల బియ్యం, ఒక కూర, ఒక పప్పు, ఒక పులుసు చాలు. కూర మీ ఆయన చేత చేయించు. మగవాళ్ళు వన భోజనాల్లో మటన్ అంత బాగా వండుతారు కదా, ఇంట్లో గరిటె పట్టుకుంటే అరిగిపోరు. అరిసెలు ఒక్క కిలో బియ్యానికే పెట్టుకోండి. ముందురోజు నానబోసి, వడకట్టి, తడి ఆరకుండా మిల్లు పట్టించి తెచ్చేది నువ్వు. కిలోకి ముప్పావు కిలో బెల్లం లెక్క. పాకం దగ్గర మాత్రం మీ అత్తగారిని కుర్చీ వేసి కూర్చోబెట్టు, పొయ్యి ఎత్తులోకి మార్చు. నీళ్ళలో వేసిన పాకం చేతికి మెత్తగా ఉండ అయ్యిందా లేదా అన్నది ఆవిడే చూసి చెప్పాలి, ఆ ఒక్క నిమిషం తప్పితే అరిసె గట్టిపడి అప్పడాల కర్రతో కొట్టినా విరగదు. ఆవిడకి కావలసింది కూడా ఆ కుర్చీయే అనుకుంటాను. పిల్లలకి చలిమిడి ఉండలు తీసిపెట్టడం మర్చిపోకు.

మిగతా పిండివంటలు మీ చుట్టుపక్కల ఆర్డరు మీద వండి అమ్మే ఆడవాళ్ళ దగ్గర కొనేయండి. బేకరీకి ఇచ్చే డబ్బు వాళ్ళకి ఇస్తే వాళ్ళ పిల్లలకి పండగ బట్టలొస్తాయి, అది కూడా పంచడమే, ఎవరూ చెయ్యి చాచక్కర్లేదు.

పెద్దమ్మ గారికి నమస్కారం. మాది పలాస వైపు. మా చర్చి యువజనులం క్యారల్స్‌లో వచ్చిన కానుకలు మొత్తం పద్దెనిమిది వేలు పోగుచేశాం. ఈసారి డయాలసిస్ చేయించుకునే పేషెంట్లకి పంచుదామని నిర్ణయించాం. ఒక్కొక్కరికి అరడజను అరటిపళ్ళు, కమలాలు, ఒక కొబ్బరిబోండం, కేకు, మిక్చరు ప్యాకెట్, లోపల ఒక కరపత్రం. ఆసుపత్రిలో పాటలు కూడా పాడాలని ఉంది. మీ సలహా?
ఒక యువకుడు, శ్రీకాకుళం జిల్లా

నాయనా, ముందు ఆ పళ్ళ ఆర్డరు ఆపు. ఇచ్చేశావా? ఫోన్ చేసి ఆపు, ఆ తర్వాత మిగతాది చదువు.

ఉద్దానం పిల్లలు మీరు, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఊరికి వెళ్ళినా కిడ్నీ జబ్బు మనిషి లేని వీధి దొరకడం కష్టం. ఇంత దగ్గరగా చూసే మీకు కూడా ఈ సంగతి ఎవరూ చెప్పలేదంటే ఆశ్చర్యంగా ఉంది. కిడ్నీలు పనిచేయనివాళ్ళ ఒంట్లో పొటాషియం బయటికి పోదు, రక్తంలో పేరుకుంటుంది, మరీ పెరిగితే గుండె కొట్టుకోవడమే తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. అరటిపండు, కమలా, కొబ్బరినీళ్ళు, ఈ మూడింటిలోనూ పొటాషియం ఎక్కువే. మనం మామూలుగా జ్వరం మనిషిని చూడ్డానికి పట్టుకెళ్ళేవే ఇక్కడ పనికిరావు. మిక్చరులో ఉప్పు, ఉప్పు తింటే దాహం, వాళ్ళకి రోజుకి ఇన్ని గ్లాసుల నీళ్ళే తాగాలని కొలత ఉంటుంది. నువ్వు ప్రేమగా ఇచ్చిన మిక్చరు పొట్లం వాళ్ళకి రాత్రంతా నాలుక పిడచకట్టుకుపోయే శిక్ష. తినేది ఏది ఇవ్వాలన్నా అక్కడి డాక్టర్నో నర్సమ్మనో అడక్కుండా ఇవ్వకండి.

మరేం ఇవ్వాలి అంటావా? దుప్పట్లు. మంచి ఉన్ని దుప్పటి. డయాలసిస్‌లో రక్తం ఒంట్లోంచి గొట్టాల్లోకి వెళ్ళి, మిషన్లో తిరిగి వెనక్కి వస్తుంది, ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు, ఆ నాలుగు గంటలూ చాలామందికి చలి పుడుతుంది. అదీ డిసెంబరులో, ఏసీ గదిలో. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన భార్య చీర కొంగు ఆయన పాదాల మీద కప్పి తను పక్కన స్టూలు మీద ఒదిగి కూర్చుంది, చీర మిగతా భాగం ఆవిడ ఒంటి మీదే ఉంది మరి.

దారిఖర్చు సంగతి కూడా చూడండి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాక విశాఖ దాకా పరుగెత్తే బాధ కొందరికి తప్పింది, సంతోషం. కానీ వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే ఏడాదికి నూట యాభై సార్లు పైన. ప్రతిసారీ ఊళ్ళోంచి ఆటో, తోడు ఒక మనిషి, ఆ మనిషికి ఆ రోజు కూలి పోవడం. మందులూ మిషనూ ఉచితంగా దొరికినా ఈ ఆటో డబ్బులే ఇంటిని తినేస్తాయి. మీ పద్దెనిమిది వేలు నూట ఎనభై మందికి వంద చొప్పున పంచితే ఎవరికీ గుర్తుండదు. ఆరు కుటుంబాలకి మూడేసి వేలు, ఆటో ఖర్చులకని చెప్పి ఇవ్వండి. ఆ ఆరుగురు ఎవరన్నది నర్సమ్మల్ని అడగండి, వాళ్ళకి తెలిసినంత పాస్టరు గారికి కూడా తెలియదు. మన సంఘం వాళ్ళా కాదా అని మాత్రం అడక్కండి.

కరపత్రం వద్దు. సూది గుచ్చి పడుకోబెట్టిన మనిషి ఇష్టం లేకపోయినా లేచి వెళ్ళలేడు, వద్దనడానికి మొహమాటం. పాటలు అంటే, ఆసుపత్రివాళ్ళు ఒప్పుకుంటే, వరండాలో ఒక్క పాట, డోలక్ లేకుండా, మెల్లిగా. లోపల నిద్రపోయేవాళ్ళుంటారు.

మీరు సోంపేట వైపు పిల్లలు గనక ఇంకో మాట. అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో కళ్ళ ఆపరేషన్లు చేసిన కెనడా డాక్టరు బెన్ గలిసన్ గురించి మీ తాతల్ని అడగండి. ఆయన పని గురించి విని కాల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి 1963లో ఆపరేషన్ ఐసైట్ అని సంస్థ పెట్టి ఇక్కడి చూపులేని వాళ్ళ కోసం డబ్బు పంపడం మొదలుపెట్టాడు. అదిప్పుడు చాలా దేశాల్లో పనిచేస్తోంది. సోంపేటలో ఏం కావాలో సోంపేటలో ఉన్న డాక్టరు చెప్పాడు, ఎక్కడో కాల్గరీలో ఉన్నాయన ఆ మాట విని డబ్బు పంపాడు. నువ్వేమో పక్కూళ్ళోనే ఉండి అడక్కుండా కొబ్బరిబోండం పట్టుకెళ్తున్నావు!

అమ్మా, మేం హిందువులం. పక్కింటి క్రైస్తవులు ప్రతి ఏడాదీ కేకు, పిండివంటలు స్టీలు డబ్బాలో పంపుతారు. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ అంటుంది. మేం ఏదైనా పెట్టి ఇస్తే వాళ్ళు తింటారో తినరో అని నాకు సందేహం. పోయినసారి పైడితల్లి అమ్మవారి పండగకి ప్రసాదం ఇస్తే ఆవిడ తీసుకోవడానికి ఇబ్బంది పడింది.
ఒక గృహిణి, విజయనగరం

మీ అమ్మగారు చెప్పిందే రైటు, మన వైపు గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్ళదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార, నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపుతాం. కులం మతం మారినంత మాత్రాన ఈ అలవాటు ఎక్కడికీ పోదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగిన దగ్గర్నుంచి, ఆ తర్వాత కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలి అంతా తిరిగిన దగ్గర్నుంచి లెక్కేసుకుంటే మన వీధుల్లో ఈ డబ్బాలు రెండు వందల ఏళ్ళుగా అటూ ఇటూ తిరుగుతున్నాయి.

దేవుడికి నైవేద్యం పెట్టింది కొందరు క్రైస్తవులు తినరు, వాళ్ళకి అది నియమం, మిమ్మల్ని తక్కువ చేయడం కాదు. కొందరు తింటారు. దీనికి ఇంత టెన్షన్ ఎందుకు, పైడితల్లి సిరిమానోత్సవం నాటి ప్రసాదం పక్కన పెట్టి, నైవేద్యానికి ముందే విడిగా తీసిన బూరెలు నాలుగు పంపండి, పంపేటప్పుడు "ఇవి పూజకి ముందు తీసినవి వదినా" అని ఒక్క మాట. సంక్రాంతికి కొత్త బియ్యం ఒక సోలెడు ఇచ్చినా చాలు. మీ మొహమాటం కంటే ఆవిడ మొహమాటం ఎక్కువగా ఉండి ఉంటుంది, మీరే ముందు అడిగేయండి.

నేను చెన్నైలో తాపీ పని చేస్తాను. మాది రణస్థలం దగ్గర. క్రిస్మస్‌కి ఇంటికి వచ్చాను, చేతిలో నాలుగు వేలు ఉన్నాయి. ఇద్దరు పిల్లలకి, ఆవిడకి, మా అమ్మకి కొత్త బట్టలు, ఇంట్లో వంట, చర్చిలో కానుక. ఎవరెంత ఇచ్చారో పండగరోజు మైకులో చదువుతారు, పోయినసారి మా పేరు దగ్గర వంద రూపాయలని చదివితే తలెత్తుకోలేకపోయాను. నూటికి ఐదు చొప్పున పదిహేను వేలు అప్పు ఇస్తానని ఒకాయన అన్నాడు. తీసుకోమంటారా? మా ఊళ్ళో బీదలకి సాయం చేసే కార్యక్రమంలో నా పేరు కూడా ఉండాలని ఉంది.
ఒక సోదరుడు, శ్రీకాకుళం జిల్లా

వద్దు బాబూ. పదిహేను వేలకి నూటికి ఐదు అంటే నెలకి ఏడు వందల యాభై, మళ్ళీ క్రిస్మస్‌కి తొమ్మిది వేలు వడ్డీయే అవుతుంది, అసలు పదిహేను వేలూ అలాగే కూర్చుని ఉంటాయి. ఆ వడ్డీ కోసం చెన్నైలో ఎన్ని రోజులు సిమెంటు మొయ్యాలో మీరే లెక్కేసుకోండి.

పిల్లలిద్దరికీ బట్టలు కొనండి, చిన్నపిల్లలకి కొత్త చొక్కా లేకపోతే పండగ పండగలా ఉండదు, నిజమే. మీ అమ్మగారికి ఒక చీర. మీరిద్దరూ ఉన్నవే ఇస్త్రీ చేయించుకోండి. ఎవరైనా అడిగితే వచ్చే ఏడు కొంటాం అని చెప్పండి, ఎవరూ అడగరు, అందరి కళ్ళూ వాళ్ళ వాళ్ళ బట్టల మీదే ఉంటాయి.

మైకు సంగతి నాకు కోపం తెప్పించింది. ధనవంతులు చాలామంది ఎక్కువెక్కువ వేస్తుంటే చూసి, బీద విధవరాలు వేసిన రెండు కాసులే అందరికంటే ఎక్కువని యేసు అన్నాడని ప్రసంగం చెప్పే చోటే అంకెలు చదవడం ఏమిటి? మీ పాస్టరు గారి దగ్గరికి ఒక్కరే వెళ్ళి, గొడవగా కాకుండా, ఈసారి పేర్లు చదవండి గానీ రూపాయలు చదవద్దండీ అని అడగండి. మీలాంటి నలుగురు అడిగితే మానేస్తారు. మానకపోతే కవరు మీద పేరు రాయకుండా పెట్టెలో వేయండి.

సాయం కార్యక్రమంలో పేరు ఉండాలన్నారు. మీ చేతిలో తాపీ ఉంది, డబ్బున్నవాళ్ళ చేతిలో లేనిది అదే. మీ ఊళ్ళో ఒంటరి ముసలమ్మ ఇంటి గుమ్మం మెట్టు విరిగి ఉంటుంది, లేదా వానకి గోడ పెచ్చులూడి ఉంటుంది, ఇలాంటిది ఒక్కటైనా లేని ఊరు నేను చూడలేదు. ఒక బస్తా సిమెంటు సంఘం చేత కొనిపించి, ఒక పూట మీరు పని చేయండి. పక్కన నీళ్ళు అందించడానికి మీ పెద్ద పిల్లాడిని తీసుకెళ్ళండి. మెట్టు పూర్తయ్యాక వారం రోజులు తడపమని ఆవిడకి చెప్పడం మర్చిపోకండి. వచ్చే క్రిస్మస్ కోసం జనవరి నుంచి నెలకి మూడు వందలు మీ ఆవిడ పొదుపు సంఘంలో వేయించండి, డిసెంబరుకి మూడు వేల మూడు వందలు చేతికొస్తాయి.

పెద్దమ్మా, నేను ఆరో తరగతి. క్రిస్మస్ తాత నిజంగా ఉన్నాడా? మా అన్నయ్య లేడంటున్నాడు.
బొబ్బిలి నుంచి

ఉండేవాడమ్మా. ఇప్పటి టర్కీ దేశంలో మైరా అనే ఊళ్ళో పదహారు, పదిహేడు వందల ఏళ్ళ కిందట నికొలస్ అనే బిషప్పు ఉండేవాడు. ఎర్ర టోపీ, పెద్ద పొట్ట, మంచు బండి తర్వాత వచ్చినవి. ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒక పేదవాడికి ముగ్గురు ఆడపిల్లలట, పెళ్ళిళ్ళకి డబ్బు లేదు. నికొలస్ రాత్రిపూట వచ్చి కిటికీలోంచి బంగారు నాణేల మూట లోపలికి విసిరేసి, కనబడకుండా వెళ్ళిపోయేవాడట, ఒక్కో పిల్లకి ఒక్కోసారి. తను ఇచ్చినట్టు తెలియకూడదనే అలా రాత్రి వచ్చాడన్నది ఆ కథలో అసలు ముక్క. నువ్వు కూడా మీ క్లాసులో పెన్సిలు లేని పిల్ల సంచీలో ఒక కొత్త పెన్సిలు వేసి, ఎవరు వేశారో చెప్పకుండా ఒక వారం ఉండగలవేమో చూడు. చాలా కష్టం, నేను చేసి చూశాను, రెండో రోజే చెప్పేశాను. మీ అన్నయ్యకి మాత్రం ఇదేమీ చెప్పకు.

అమ్మగారూ, మాది రాజాం దగ్గర, నాలుగు ఎకరాల వరి. మా నాన్న కోతల రోజుల్లో పొలంలోకి పరిగె, అంటే కోతలో రాలిన కంకులు, ఏరుకోవడానికి వచ్చే ముసలమ్మల్ని ఎప్పుడూ వెళ్ళగొట్టలేదు. మా ఇంట్లో క్రిస్మస్ అంటే ఆ పరిగె కూడా ఒక భాగం. ఇప్పుడు మిషన్ కోత. రెండు గంటల్లో కోసి, నూర్చి, ట్రాక్టర్లో పోసేస్తుంది. వాళ్ళు గట్టు మీద నిలబడి చూసి వెళ్ళిపోతున్నారు. ఏం చెయ్యను? కోతకి కూలీలు దొరకడం లేదు, మిషన్ మానలేను.
ఒక రైతు, విజయనగరం జిల్లా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. మిషన్ మానమని ఎవరూ అనరు. కానీ పరిగె గురించి బైబిల్లో ఉన్నది మీరు చదివే ఉంటారు, లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం: పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, బీదలకీ పరదేశులకీ వదిలేయాలి అని. రూతు బోయజు పొలంలో ఏరుకున్నది కూడా అదే. అక్కడ యవలు, మన దగ్గర వరి, అంతే తేడా. వాళ్ళకి మీరు బియ్యం ఇంటికి పంపొచ్చు, చాలామంది అదే చేస్తున్నారు, తప్పేం లేదు. అయినా పరిగె ఏరుకునే మనిషి తన నడుము వంచి తెచ్చుకున్న గింజ తిన్నట్టే అనుకుంటుంది, ఒకరు పెట్టింది తిన్నట్టు అనుకోదు.

మిషన్ ఎలాగూ మడి మూలల్లో సరిగా తిరగలేదు. ఆ మూలలు మనిషి చేత కోయించి కలుపుకుంటారు కదా మీరు? అవి కోయించకండి. నాలుగు ఎకరాలకి అన్ని మడుల మూలలూ కలిపితే మీకు పోయేది మహా అయితే ఒకటి రెండు బస్తాలు, ఆ కోత కూలి కూడా మిగుల్తుంది. కోసిన తర్వాత గడ్డి కట్టే మిషన్ని రెండు రోజులు ఆగి పిలవండి, కింద రాలిన కంకులు అప్పటిదాకా దొరుకుతాయి. మీ పిల్లల్ని కూడా ఒక పూట వాళ్ళతో మడిలోకి దించండి, సెలవులే కదా.

ఇంకొకటి. మిషన్ మీ పొలానికి ఏ రోజు వస్తుందో డ్రైవరు ముందురోజు సాయంత్రం గానీ చెప్పడు. చెప్పగానే ఎవరినైనా ఆ ముసలమ్మల ఇళ్ళకి పంపి కబురు పెట్టండి, వాళ్ళకి వాట్సాప్ లేదు.